రెండు వేళ్ల వెడల్పు

శంషాబాద్ నుంచి విమానాశ్రయానికి పోయే రోడ్డు నడుమ పూసే కాగితం పూలను రోజూ వేలమంది చూస్తారు. కారు అద్దం దించకుండానే చూసి వెళ్లిపోతారు. ఆ చెట్లను నాటించిన మేస్త్రీ పేరు యెషయా అని, ఆయన కింద పనిచేసే పద్నాలుగు మంది ఆడవాళ్లకు తప్ప, ఇంకో పదిమందికి కూడా తెలియదు. తెలియకపోతే వాళ్లకే నష్టం. చెట్టు దగ్గర అంత పనితనం ఉన్న మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకడు పుట్టలేదు.

కొత్వాల్‌గూడ దాటి హిమాయత్‌సాగర్ వైపు మళ్లితే వచ్చే చిన్న ఊరు ఆయనది. ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాడు. ఏడు క్లాసుల్లో ఒక్కసారి కూడా తప్పలేదు. పదమూడో ఏట ఒక పెద్ద అనాబ్ తోటలో నీళ్లు కట్టడానికి చేరాడు. అనాబ్ అంటే పొడుగు గింజ పచ్చద్రాక్ష. ఇప్పుడు విల్లాలూ గోడౌన్లూ ఉన్న నేలంతా అప్పట్లో దాని పందిళ్లే. పంతొమ్మిదో ఏట అంటుకత్తి చేతబట్టాడు. వంద మామిడి అంట్లు కడితే తొంభై రెండు బతికించాడు. చదువుకున్న సార్లు బుద్వేల్ నుంచి స్కూటర్ల మీద వచ్చి, ఆ చేతిని చూసి పోయారు. పాతికేళ్లకు సొంతంగా అర ఎకరం అనాబ్ పెట్టాడు. ఊరి చర్చిలో యేసు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్లారాధన రోజున గిన్నెలో పోసే రసం పదకొండేళ్లపాటు ఆయన తోటదే. విమానాశ్రయం రోడ్డు మీద ఇప్పటికి పన్నెండు వేల మొక్కలు నాటించాడు. ఎండాకాలంలో కూడా వందకు అయిదు చచ్చాయంటే ఆ వారం ఆయన ఎవరితోనూ మాట్లాడడు.

ఇవి కాక మూడు షీల్డులు. ఆ ఊరి క్రైస్తవులకు కోతపండుగ ఫిబ్రవరి చివరి ఆదివారం వస్తుంది. ఎవరి పంటలో మొదటిది వాళ్లు చర్చికి తెస్తారు. ప్రార్థన అయ్యాక వేలం పాడుకుంటారు. అన్నిటికన్నా మేలైన పంట తెచ్చినవాడికి సంఘం షీల్డు ఇస్తుంది. యెషయా రెండు షీల్డులు మామూలుగానే గెలిచాడు. మూడోది, తొంభై ఎనిమిదిలోది, గెలవడానికి మాత్రం ఒక పనితనం చూపాడు. పెద్ద తోటలో పనిచేసే రోజుల్లో ముసలి మాలి ఒకాయన, గింజ కట్టగానే కాండం చుట్టూ సన్నగా ఉంగరంలాగా తోలు తీసేవాడు. ఆకులు చేసిన తిండి కిందికి దిగక పైనే నిలిచి, గింజ లావెక్కేది. యెషయా అది చూసి నేర్చుకున్నాడు. ఆ ఏడు తన తోటలోని నూట పద్దెనిమిది తీగలకూ ఉంగరం కోశాడు. రెండున్నర కిలోల గుత్తి దిగింది. చర్చిలో బల్ల మీద పెడితే, పిల్లలు దాన్ని ముట్టుకుని చూడ్డానికి వరస కట్టారు.

రెండేళ్లకు ఆ తోట చచ్చిపోయింది.

ఒక్కసారిగా చావలేదు. కోసిన ఏడాదంతా ఆకు పచ్చగానే ఉంది. మరుసటి ఏడు చిగుర్లు సన్నబడ్డాయి. ఆ తర్వాత కొసల నుంచి ఎండుతూ కిందికి వచ్చింది. తవ్వి చూస్తే వేర్లు నల్లగా, పులిసిన వాసనతో చేతికి ఊడివచ్చాయి. పక్కనే గట్టు అవతల తమ్ముడు ప్రేమ్ రాజ్ తోట. తండ్రి ఇచ్చిన అదే నేల, అదే బావి నీళ్లు. అది మాత్రం పచ్చగా ఉంది. ఆ వానాకాలమే ప్రేమ్ రాజ్ గట్టు మీద కొట్టడానికి గడ్డిమందు డబ్బా తెచ్చాడు. అంతకు ముందే కాలువ దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చి ఉంది. ఇంకేం కావాలి?

"వేర్లల్ల మందు పోసిండు," అన్నాడు యెషయా సంఘం ముందు. "నా షీల్డు చూసి ఓర్వలేక పోసిండు."

పెద్దలు కూర్చున్నారు. సోమయ్య అనే పెద్దమనిషి బైబిలు పట్టుకుని నిలబడ్డాడు. ప్రేమ్ రాజ్ దాని మీద చెయ్యి పెట్టి, "నేను చెయ్యలే. నా చెయ్యి మా అన్న చెట్టు మీద పడలే," అన్నాడు. అంతే అన్నాడు.

"గ్రంథం మీద చెయ్యి వెట్టి అబద్ధమాడుతున్నవు," యెషయా లేచి అరిచాడు. "ఇగ ఆ రొట్టె నీ గొంతుల ఎట్ల దిగుతదో నేను చూస్తరా!"

తప్పు ఒప్పుకునేదాకా ప్రేమ్ రాజ్‌కు బల్ల దగ్గర రొట్టె ఇవ్వొద్దని సంఘం తీర్మానించింది. చెయ్యని తప్పు అతను ఒప్పుకోలేదు. ఏడాది తిరక్కుండానే పచ్చటి తోట అమ్మేసి, భార్యనూ బిడ్డనూ తీసుకుని అత్తాపూర్ వెళ్లి, అపార్టుమెంట్ల దగ్గర వాచ్‌మన్‌గా కుదురుకున్నాడు. అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకోలేదు. మరదలు పోయినప్పుడు కూడా యెషయా వెళ్లలేదు. పాతికేళ్లు గడిచాయి.

ఈ ఏడు జనవరిలో, రోడ్డు మొక్కల కాంట్రాక్టరు మనిషి వచ్చి కబురు చెప్పాడు.

"తాతా, సర్టిఫికెట్ లేకుంటే మేస్త్రీ పని ఇయ్యొద్దని పైనుంచి కాగితం వచ్చింది. రాజేంద్రనగర్ దిక్కు నెలరోజుల క్లాసులున్నయి. పోయి కూసో."

"నేనా? క్లాసు చెప్పనీకా?"

"విననీకి తాతా."

ఇంట్లో ఇందిరమ్మ పడీ పడీ నవ్వింది. "అరవై నాలుగేండ్లకు బడికి పోతవా? పలక కొనుక్కరావాల్నా ఏంది?"

"పలక ఎందుకే. టిఫిన్ డబ్బ కట్టు. రెండు దినాలల్ల ఆ సార్లే నన్ను లేపి కుర్సీల కూసోబెడ్తరు, చూడు."

సార్లు లేరు. అనుపమ అనే ఇరవై ఏడేళ్ల అమ్మాయి ఉంది. పరిగి దగ్గరి పల్లెటూరి పిల్ల, ఉద్యానశాస్త్రంలో పెద్ద చదువు చదివింది. ముప్పై మంది మాలీలూ మేస్త్రీలూ బెంచీల మీద ఇరుకిరుకుగా కూర్చున్నారు. మొదటి రోజే ఆమె అంటుకత్తి పట్టుకుని చూపిస్తుంటే, యెషయా లేచి నిలబడ్డాడు.

"బిడ్డా, బొటనవేలు అట్ల వెడితే తెగుతది. కొమ్మ కింద వెట్టు."

ఆమె చిన్నబుచ్చుకోలేదు. "నువ్వు చూపియ్యి తాతా," అని కత్తి ఇచ్చింది. ఒక్క కోతలో, అద్దంలాగా నున్నగా చెక్కి ఇచ్చాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

"ఇగ అయిపోయింది," పక్కన కూర్చున్న బుద్వేల్ మాలి బాలమల్లు గొణిగాడు. "రేపట్నుంచి మనకు ఇద్దరు టీచర్లు."

నిజానికి యెషయాకు ఆ క్లాసులు నచ్చాయి. ఇంట్లో చెప్పలేదు గాని, నచ్చాయి. నలభై అయిదేళ్లుగా చేతికి తెలిసినవాటికి అక్కడ కారణాలు దొరుకుతున్నాయి. మధ్యాహ్నం ఎండలో మొక్క ఎందుకు తీయకూడదో, అంటు కట్టాక ఆకులు ఎందుకు కత్తిరించాలో, కొమ్మ కొస తుంచితే పక్క మొగ్గలు ఎందుకు లేస్తాయో. ఆమె బోర్డు మీద గీస్తుంటే, "ఓహో, గందుకా!" అని పైకే అనేవాడు. రెండు రూళ్ల నోటుబుక్కులో బొమ్మలు గీసుకున్నాడు. ఇంటికి వచ్చి ఇందిరమ్మకు పాఠం చెప్పాడు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ ఊ కొట్టింది.

రెండో వారం గురువారం నాడు అనుపమ బల్ల మీద రెండు కుండీలు పెట్టింది. రెండు జామ మొక్కలు. రెంటికీ నిండా ఆకు.

"వీటిల ఒకటి సచ్చిపోయింది," అంది. "ఏది?"

నవ్వులు లేచాయి. ఎవరో, "మా మేనేజరు లెక్క ఉన్నదే, పైకి తెల్వదు," అన్నారు. అందరూ యెషయా వైపు చూశారు. ఆయన లేచి, దగ్గరికి వెళ్లి, ఒక ఆకు వేళ్లతో రాసి చూశాడు.

"రెండూ మంచిగున్నయి బిడ్డా. నన్ను పరీక్ష చేస్తున్నవా? నలభై అయిదేండ్ల సంది చూస్తున్న ఆకును."

"కింద చూడు తాతా."

ఒక మొక్క మొదట్లో, మట్టికి జానెడు పైన, చుట్టూ తోలు లేదు. కట్టె తెల్లగా ఎండి కనపడుతోంది. ఆమె ఆ కుండీని వంచి, అంచు బల్లకు కొట్టి, మొక్కను మట్టిముద్దతో సహా బయటికి లాగింది. వేర్లు నల్లగా ఉన్నాయి. యెషయా ఒకటి పట్టుకుంటే తెగి చేతిలోకి వచ్చింది, పైపొర ఊడి వేళ్లకు అంటింది. వాసన ముందు బెంచీ దాకా వచ్చింది.

యెషయాకు ఆ వాసన తెలుసు.

"చెట్టుల రెండు దారులుంటయి," అనుపమ బోర్డు మీద గీస్తూ చెప్పింది. "నీళ్లు పైకి పోయే దారి లోపల కట్టెల ఉంటది. దాన్ని పుస్తకంల దారువు అంటరు. ఆకు వండిన అన్నం కిందికి దిగే దారి తోలు కింద ఉంటది, పోషక కణజాలం. చుట్టూ తోలు తీస్తే నీళ్ల దారి ఉన్నది కాబట్టి ఆకు పచ్చగనే ఉంటది. అన్నం మాత్రం కిందికి దిగది. వేరు దాచుకున్నది తిని తిని, అయిపోయినంక ఆకలికి సస్తది. చిన్న మొక్కకు నెలలు వడ్తది, పెద్ద చెట్టుకు రెండేండ్లు. చూసేటోనికి ఏమనిపిస్తదంటే, వేరుకే ఏదో రోగమొచ్చిందని, ఎవరో మందు పోసిండ్రని."

బాలమల్లు ఏదో హాస్యమాడాడు. యెషయాకు వినపడలేదు. ఆ నల్లటి వేరు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"బిడ్డా," అన్నాడు. "అనాబ్ తోటలల్ల ఉంగరం కోసేటోళ్లు గదా. అవి సావలే."

"అవు తాతా, అది మంచి పద్ధతే. కానీ దారమంత సన్నగ తీసేటోళ్లు. నెల దినాలల్ల తోలు పైదీ కిందదీ కలిసిపోయేది. గింజ లావెక్కేదాకనే అన్నం ఆగాలె, తర్వాత దిగాలె."

"రెండు వేళ్ల వెడల్పు తీస్తే?"

ఆమె నవ్వింది. పాపం, ఆమెకేం తెలుసు. "రెండు వేళ్లు ఎవరు తీస్తరు తాతా? అది చంపుడే."

ముసలి మాలి దగ్గర రెండంచుల చిన్న కత్తి ఉండేది, దారమంత తోలు మాత్రమే తీసేది. యెషయా దగ్గర అది లేదు. అంటుకత్తితోనే కోశాడు. దారమంత తీస్తేనే గింజ అంత లావైతే, రెండు వేళ్లు తీస్తే ఎంత లావు కావాలి అని లెక్కేసుకున్నాడు. నూట పద్దెనిమిది తీగలకూ, వేళ్లు ఆనించి కొలిచి మరీ, ఒకే వెడల్పున కోశాడు. ఒక్కటి కూడా ఎక్కువతక్కువ కాలేదు. అంత చక్కటి పని.

ఆ పూట టిఫిన్ డబ్బా విప్పలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, గోడ మీది మూడు షీల్డుల కింద కూర్చున్నాడు. ఇందిరమ్మ టీ తెచ్చింది.

"ఈ రోజు పాఠం లేదా?"

చెప్పాడు. మొత్తం చెప్పాడు. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ప్రేమ్ అసొంటోడు కాదని నాకెరుకనే," అంది.

"ఎన్నడన్న అన్నవా నువ్వు?"

"అనలే. నీ నోటికి భయపడి అనలే. ఇప్పుడంటున్న."

ఎనిమిది నెలల కిందట ప్రేమ్ రాజ్‌కు పక్షవాతం వచ్చిందని ఎవరో చెబితే, ఆ రోజు యెషయా వినీ విననట్టు మందార కొమ్మలు కత్తిరించుకుంటూ పోయాడు. ఇప్పుడు ఆదివారం ఆరాధన అయీ కాకముందే బస్సెక్కాడు. అత్తాపూర్‌లో ఫ్లైఓవర్ పిల్లర్ల నంబర్లు అడుక్కుంటూ, ఒక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు పట్టుకున్నాడు. గడప పక్కన పాత రంగు డబ్బాల్లో పుదీనా, కరివేపాకు, నిమ్మగడ్డి. ఒక్క కలుపు మొక్క లేదు. తమ్ముడి చెయ్యి.

తలుపు తీసింది జెన్నిఫర్, ప్రేమ్ రాజ్ బిడ్డ. ప్రైవేటు దవాఖానలో నర్సు. ఊరు విడిచిన రోజున అయిదేళ్ల పిల్ల. అయినా గుర్తుపట్టింది.

"పెద్దబాపు," అంది. రమ్మనలేదు. పొమ్మనలేదు. పక్కకు జరిగింది.

ప్రేమ్ రాజ్ మంచం మీద, దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. ముక్కులోంచి సన్నటి పైపు ఒకటి చెంప మీదుగా ప్లాస్టరుతో అతికించి ఉంది. కళ్లు మాత్రం పాతవే. అన్నను చూసి ఆ కళ్లు కాసేపు కదల్లేదు.

యెషయా వచ్చేదారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. అవన్నీ వదిలేసి, తన ఎడమ మణికట్టు ముందుకు చాపి, దాని చుట్టూ కుడిచేతి రెండు వేళ్లు ఆనించి, ఉంగరంలాగా తిప్పి చూపాడు.

"రెండు వేళ్లు తీసిన తమ్మీ," అన్నాడు. "నేనే సంపుకున్న. మందు గాదు, ఏంది గాదు. నేనే."

ప్రేమ్ రాజ్ ఎడమచెయ్యి మెల్లగా లేచింది. బొటనవేలి గోరూ చూపుడువేలి గోరూ దగ్గరికి వచ్చి, వాటి నడుమ ఒక దారం దూరేంత సందు మిగిలింది. దాన్ని అన్న ముఖం ముందు పట్టుకున్నాడు. ఇంతే తీయాల్సింది.

యెషయాకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ రోజు తాను మోకాళ్ల మీద కూర్చుని కోస్తుంటే, గట్టు మీద నిలబడి ప్రేమ్ రాజ్ ఏదో అన్నాడు. "అన్నా, గంత తీస్తున్నవేంది, జర ఎక్కువైతలేదా?" అన్నాడు. "షీల్డు నీకున్నదా, నాకున్నదా?" అని తాను తల కూడా ఎత్తలేదు.

"నీకెరుకనా?" అన్నాడు. "నీకెరుకై ఉండి, సంఘంల ఎందుకు చెప్పలేదురా?"

జవాబు జెన్నిఫర్ చెప్పింది. వంటగది గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని.

"నేనూ అడిగిన పెద్దబాపు, జర పెద్దయినంక. 'బైబిల్ మీద చెయ్యి వెట్టి, నువ్వు చేసినవా అని అడిగిండ్రు. చెయ్యలే అన్న. ఎవరు చేసిండ్రని ఎవ్వలు అడగలే. అడగకుంట చెప్తే, అన్న చేతికున్న పేరు పోతది. అన్నకు ఆ చెయ్యి తప్ప ఏమున్నది' అన్నడు." ఆమె గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "పాతికేండ్లు మా నాయన ఏ చర్చిల రొట్టె తీసుకోలే. మేము పోతుంటే బయట చెట్టు కింద కూసునేటోడు. మా సంఘం వద్దన్నది, వాళ్లే రమ్మనాలె అనేటోడు. మా అమ్మ మొత్తుకున్నా వినలే."

యెషయా తమ్ముడి ఎడమచేతిని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు, "రమ్మనిపిస్త," అన్నాడు. "సంఘమే రమ్మంటది. నువ్వు జర ఓపిక పట్టు."

జెన్నిఫర్ ఏదో చెప్పబోయి ఊరుకుంది.

అప్పటి నుంచి యెషయా ఒక్క పనే పెట్టుకున్నాడు. ఎవరి ముందు తమ్ముణ్ని అబద్ధీకుడన్నాడో, వాళ్ల ముందే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. తమ్ముడు ఉండగానే తీసుకోవాలి. దానికి కోతపండుగ రోజే సరైంది.

ఆ ఊళ్లో ఇప్పుడు కోతలు లేవు. పొలాలు ప్లాట్లయ్యాయి. అయినా పండుగ మానలేదు. ఫిబ్రవరి చివరి ఆదివారం బల్ల మీద దుకాణంలో కొన్న బియ్యం సంచులు, స్టిక్కర్లు అంటించిన ఆపిల్ పండ్లు, ప్లాస్టిక్ డబ్బాల్లో నల్లద్రాక్ష పెట్టారు. పాస్టరు ఆశేర్ ఊరికి వచ్చి నాలుగేళ్లు. ముప్పై దాటిన మనిషి. సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలు, చెప్పేవాళ్లను రమ్మని పిలిచాడు.

యెషయా మైకు ముందుకు వెళ్లాడు. చంకలో తొంభై ఎనిమిదిలో గెలిచిన షీల్డు ఉంది. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు.

తోట సంగతి చెప్పాడు. ఉంగరం సంగతి చెప్పాడు. నీళ్లు పైకి పోయే దారి, అన్నం కిందికి దిగే దారి, అనుపమ చెప్పినట్టే చెప్పాడు, అందరికీ అర్థమయ్యేట్టు. "ఆ రోజు నా తమ్ముడు ప్రేమ్ రాజ్ ఈ గ్రంథం మీద చెయ్యి వెట్టి చెప్పింది నిజం," అన్నాడు. "అబద్ధం నాది. మీరందరు నా మాట నమ్మి వానికి రొట్టె బంద్ చేసిండ్రు. ఆ పాపం నాది."

ఆగాడు. చర్చి నిశ్శబ్దమవుతుందని అనుకున్నాడు. ఎవరన్నా లేస్తారని, తిడతారని, కనీసం తల దించుకుంటారని అనుకున్నాడు.

కీబోర్డు దగ్గరి పిల్లవాడు ఒక మెట్టు వాయించాడు. "హల్లెలూయ!" అని ఎవరో అన్నారు. వెంటనే చప్పట్లు మోగాయి.

అప్పుడు చూశాడు యెషయా బెంచీల వైపు. ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్లు ఎక్కడ? కొందరు సమాధుల్లో ఉన్నారు. కొందరు భూములమ్ముకుని వేరే ఊళ్లకు పోయారు. ముందున్నవన్నీ కొత్త ముఖాలు, కిరాయికి వచ్చినవాళ్లు, అప్పటికి పుట్టనివాళ్లు. వాళ్లకు ప్రేమ్ రాజ్ ఎవరు? ఒక యువతి ఎదురొచ్చి, "సాక్ష్యం మస్తు మంచిగ చెప్పిండ్రు తాతా," అంది.

"సాక్ష్యం గాదు బిడ్డా. నేరం," అన్నాడు.

ఆమె అర్థం కాక నవ్వింది.

మిగిలినవాడు సోమయ్య ఒక్కడే. ఆ రోజు బైబిలు పట్టుకున్న సోమయ్య. తొంభైకి దగ్గరపడ్డాడు, చెవులు వినపడవు. యెషయా ఆయన బెంచీ దగ్గర వంగి, చెవిలో అరిచి చెప్పాడు, రెండుసార్లు.

"ప్రేమ్ రాజా?" సోమయ్య కళ్లు చికిలించాడు. "వాడు పోయి శానా రోజులాయె గదా. మంచి పిలగాడు. అప్పుడు గూడ నాకనిపించింది, గట్ల చేసేటోడు కాదని."

అందరికీ అనిపించింది. అనిపించనివాడు తానొక్కడే.

ఆశేర్ పాస్టరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. జనం వేలంలో పడ్డాక, యెషయాను లోపలికి పిలిచి పాత సంఘం రిజిస్టరు తీశాడు. పసుపు పచ్చబడిన పేజీలో ప్రేమ్ రాజ్ పేరు మీద అడ్డంగా ఎర్రగీత ఉంది. పాస్టరు దాని కిందే ఆ పేరు మళ్లీ రాశాడు. తేదీ వేసి, సంతకం పెట్టాడు. యెషయా తన ఫోను ఇచ్చి, "దీన్ని ఫోటో తీయ్ అయ్యగారూ," అని అడిగాడు. "వానికి చూపియ్యాలె. రొట్టె గూడ మీరే తేవాలె. సంఘం తరఫున."

ఆ గురువారం ముగ్గురూ అత్తాపూర్ వెళ్లారు. పాస్టరు, ఇందిరమ్మ, యెషయా. ఇందిరమ్మ మంచం పక్కన కూర్చుని మరిది కాళ్లు పట్టుకుని ఏడ్చింది. యెషయా ఫోటో చూపించాడు. ప్రేమ్ రాజ్ దాన్ని చాలాసేపు చూశాడు. ఎడమచేతి వేలితో తన పేరు మీద రాశాడు, అక్షరం తర్వాత అక్షరం. వేలు తగిలి తెర మీది ఫోటో కదిలిపోయింది. యెషయా మళ్లీ సర్ది పెట్టాడు. మళ్లీ రాశాడు.

పాస్టరు ప్రార్థన చేసి, తెల్లగుడ్డ విప్పి, రొట్టె విరిచాడు. ముక్కను యెషయా చేతికిచ్చాడు. అన్న చేత్తోనే పెట్టనీ అనుకున్నాడు కాబోలు. యెషయా దాన్ని తమ్ముడి నోటి దాకా తీసుకెళ్లాడు.

"పెద్దబాపు, ఆగు," జెన్నిఫర్ చెయ్యి అడ్డం పెట్టింది. మెల్లగా, ఆసుపత్రిలో బంధువులకు చెప్పే గొంతుతో చెప్పింది. "దిగదు. గొంతు పనిచేస్తలేదు నాయనకు. నీళ్ల చుక్క గూడ ఊపిరితిత్తులల్లకు పోతది. తొమ్మిది నెలలాయె, అంతా పైపు తోనే. ఆ రోజే చెప్పాలనుకున్న. నువ్వు అంత ఆశగ పోతుంటే నోరు రాలే."

రొట్టె ముక్క యెషయా వేళ్ల మధ్యే ఉండిపోయింది. పాతికేళ్ల కిందట సంఘం ముందు తాను అరిచిన మాట ఆ గదిలో ఎవరికీ గుర్తు లేదు, ఆయనకూ, తమ్ముడికీ తప్ప. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

చివరికి జెన్నిఫరే దూది చుట్టిన పుల్ల తెచ్చింది. పాస్టరు దాన్ని ద్రాక్షరసంలో ముంచి, గట్టిగా పిండి, ఆ తడి ప్రేమ్ రాజ్ కింది పెదవి మీద అద్దాడు. ప్రేమ్ రాజ్ నాలుక కొస బయటికి వచ్చి దాన్ని తాకింది. ముఖం చిట్లించాడు. ఎడమచెయ్యి లేపి, కాదు కాదన్నట్టు ఊపాడు.

"పుల్లగున్నదట," అంది జెన్నిఫర్.

"అనాబ్ గాదురా అది," అన్నాడు యెషయా. "దుకాణంది."

ప్రేమ్ రాజ్ నోటి ఎడమ కొస కొంచెం పైకి లేచింది. కుడి కొస లేవలేదు. యెషయా ఆ రొట్టె ముక్కను తిరిగి తెల్లగుడ్డలో పెట్టాడు. పాస్టరు ఆయన వాటా రొట్టె ఇవ్వబోతే, "ఇప్పుడు కాదు అయ్యగారూ," అన్నాడు. ఆ తర్వాత చర్చిలోనూ తీసుకోలేదు. పళ్లెం వస్తే పక్కవాళ్లకు జరుపుతాడు.

ఏప్రిల్‌లో ప్రేమ్ రాజ్ పోయాడు. ఊరి సమాధుల తోటలో, తల్లిదండ్రుల పక్కన పెట్టారు.

సర్టిఫికెట్ పరీక్షలో యెషయాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. తోలు తీసిన చెట్టు ఎందుకు చస్తుందో రాయమంటే పేజీన్నర రాశాడు. అనుపమ ఫోను చేసి, ఫ్రేము కట్టించుకోమంది. కట్టించుకోలేదు. బీరువాలో బట్టల కింద పెట్టాడు. గోడ మీద ఇప్పుడు రెండు షీల్డులే ఉన్నాయి.

మే నెలలో, ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారని, విమానాశ్రయం రోడ్డు చెట్లన్నిటికీ రంగు దీపాల వైర్లు చుట్టారు. కాండం చుట్టూ బిగించి, ఇనుప తీగతో ముడేశారు. వాళ్లు వచ్చి వెళ్లారు. దీపాలు విప్పారు. ఇనుప తీగలు ఎవరూ విప్పలేదు. ఒక పొద్దున యెషయా కటింగ్ ప్లేరు పట్టుకుని, ఒక్కో చెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తీగ కత్తిరిస్తూ పోతున్నాడు. తోలులో దిగినచోట గోరుతో తడిమి చూస్తున్నాడు.

"ఇది మన పని గాదు తాతా," నీళ్ల పైపు పట్టుకున్న రేణుకమ్మ అంది. "సారు చూస్తే తిడతడు."

"తిట్టనియ్యి."

ఆమె తల ఎత్తి కొమ్మల్లోకి చూసింది. ఎండలో ఆకు నిగనిగలాడుతోంది.

"పచ్చగనే ఉన్నది గదా. ఏమైంది దీనికి?"

యెషయా తర్వాతి చెట్టు దగ్గరికి జరిగాడు.

"ఇప్పుడు పచ్చగనే ఉంటది," అన్నాడు.